నోరు చూసి వేసే దరువు

ఆ ఆల్బమ్ నాకు ఒక హెడ్‌ఫోన్‌ను పరీక్షిస్తుండగా దొరికింది. మొదటి లాక్‌డౌన్‌లో నేను పనిచేసే డైయింగ్ మిల్లు మూతపడింది. మిషన్లే ఆగిపోయాక వాటి సెన్సర్లు, ప్యానెల్ బోర్డులు చూసుకునే నాలాంటి వాళ్ళకు పనేముంటుంది? సూరత్ డిండోలిలో మా రెండు గదుల ఇంట్లో కూర్చుని, పాడైన హెడ్‌ఫోన్ ఒకటి విప్పి బాగుచేశాను. నిజంగా బాగైందో లేదో తెలియాలంటే మూడు రకాల ధ్వనులు వినాలి: బాగా కింది స్థాయి, బాగా పై స్థాయి, మధ్యలో మనిషి గొంతు. ఈ మూడూ ఒకే పాటలో ఎక్కడుంటాయా అని వెతుకుతుంటే స్పెయిన్ దేశపు ముసలివాళ్ళ బృందం ఒకటి తగిలింది.

ఐదుగురు. వాయిద్యాలు లేవు. ఒకాయన పాట ఎత్తుకుంటాడు. ముగ్గురు ఆయన వెనక ఊ అనో ఆ అనో పరుచుకుంటారు. ఐదో ఆయన అందరి కింద నిలబడి గొంతుతోనే డోలు వాయిస్తాడు. ఈ పద్ధతిని డూ-వాప్ అంటారని, అమెరికాలో వీధి మూలల్లో నిలబడి పాడుకున్న కుర్రాళ్ళ దగ్గర పుట్టిందని తరువాత చదివాను. వీళ్ళు దాన్ని తమ భాషలోకి తెచ్చుకుని నలభై ఏళ్ళు పాడారు. నలభయ్యో ఏటి గుర్తుగా పాత పాటలనే మళ్ళీ ఇప్పటి గొంతులతో పాడి ఆల్బమ్ చేశారు. గొంతులు అరిగిపోయి ఉన్నాయి. పై స్థాయి పాడే ఆయన కొన్ని చోట్ల అందుకోలేక కిందికి దిగి నడిచాడు. దాన్ని వాళ్ళు దాచే ప్రయత్నం చేయలేదు. ముఖచిత్రం మీద ఐదుగురూ ఒక్క మైకు చుట్టూ గుండ్రంగా నిలబడి ఉన్నారు. ఒక్కరూ కెమెరా వైపు చూడటం లేదు, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఫోటో అందంగా రావడానికి అలా నిలబడ్డారనుకున్నాను.

నాకు ఆ పాటల్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ పద్ధతి నాకు ఊహ తెలిసినప్పటి నుంచి తెలుసు.

మా నాయిన, మా మేనమామ, వాళ్ళ కార్ఖానా మాస్టర్, సూరత్ పక్కనున్న కిమ్‌లో పనిచేసే అన్నదమ్ములు ఇద్దరు. ఈ ఐదుగురూ ముప్పై ఏళ్ళుగా అలాగే పాడుతున్నారు. అందరూ సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి సాంచెల పనికి, అంటే మరమగ్గాల పనికి సూరత్ వచ్చినవాళ్ళు. వచ్చిన కొత్తలో ఉధ్నాలో ఒకే గదిలో ఉండేవారట. గదిలో సగం మందిది దిన్‌పాళీ, సగం మందిది రాత్‌పాళీ, అంటే పగటి పని, రాత్రి పని. ఒకరు లేచిన పరుపు మీద ఇంకొకరు పడుకోవాలి. భజన లేకుండా వీళ్ళు ఉండలేరు. కానీ ఏ వేళ చూసినా గదిలో ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు. అందుకని ఊరి నుంచి తెచ్చుకున్న డోలక్‌ను మేకుకు తగిలించి, తాళాలను పెట్టెలో పెట్టి, వాటి పని నోటితో చేయడం మొదలుపెట్టారు. మామ డోలక్. అన్నదమ్ముల్లో పెద్దాయన తాళాలు, చిన్నాయన శ్రుతి. మాస్టర్ వంత. నాయిన పాట. తరువాత ఒక్కొక్కరు వేరే గదులకు మారారు. పక్కన నిద్రపోయేవాళ్ళు లేకపోయినా ఆ అలవాటు పోలేదు. ఆ డోలక్ ఇప్పటికీ మా ఇంట్లో మేకుకే ఉంది. దాని తోలు ఎప్పుడో పగిలింది, ఎవరూ మార్పించలేదు.

సాంచెల మధ్య మాట వినపడదు. పక్కనున్న మనిషి అరిచినా చెవిదాకా రాదు. అందుకని అక్కడ పనిచేసేవాళ్ళు పెదవులు చూసి మాట పట్టుకుంటారు. పోగు తెగిందని, చాయ్ వచ్చిందని, సేఠ్ వస్తున్నాడని గొంతు లేకుండానే చెప్పుకుంటారు. నాయినా మామా ఇంట్లో కూడా అమ్మకు తెలియకూడని సంగతులు పెదవులతోనే మాట్లాడుకునేవారు. అమ్మ పెళ్ళికి ముందు సిరిసిల్లలో సాంచెల పక్కనే కూర్చుని నూలు కండెలు చుట్టేదని, ఆమెకూ ఆ విద్య వచ్చునని వాళ్ళకు చాలా కాలం తట్టలేదు.

నాయిన పాడేటప్పుడు నోరు అవసరానికి మించి తెరుస్తాడు. ప్రతి మాటనూ పెదవులతో విడదీసి చూపుతాడు. పాట ముగిసే చోట గడ్డం పైకెత్తి, నోరు టక్కున మూస్తాడు. అది ఆయన తీరు అనుకునేవాడిని. మామ మాత్రం ఊరుకునేవాడు కాదు.

“గంత నోరు తెరుస్తవేంది బావా? ఈగ జొర్రుతది.”

“జొర్రనీ బామ్మర్ది. నీ కన్న మంచిగ కొడ్తది దరువు.”

ఈ రెండు మాటలూ ప్రతి వారం ఉండేవి. అవి అయితేనే పాట మొదలైనట్టు.

లాక్‌డౌన్ ముగిసి, ఊళ్ళకు పోయినవాళ్ళు మెల్లగా తిరిగొచ్చి, సాంచెలు మళ్ళీ ఆడటం మొదలయ్యాక ఒక సెలవు రోజు ఐదుగురూ మా ఇంట్లో కలిశారు. నేను ఆ స్పెయిన్ ఆల్బమ్ వినిపించాను. నలుగురు మొదటి పాటకే తలలూపారు. మామ కాసేపు కూర్చుని, “బొమ్మ లేదా అల్లుడా? బొమ్మ ఉన్నది పెట్టు” అన్నాడు. ఆ ముసలివాళ్ళ వార్షికోత్సవ కచేరీ వీడియో ఒకటి ఉంటే పెట్టాను. మామ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. కింది స్థాయి పాడే స్పెయిన్ ఆయన నోటి మీదే కళ్ళు నిలిపి, రెండో వరుసకల్లా ఆయనతో పాటు తానూ దరువు వేయడం మొదలుపెట్టాడు. భాష రాదు, పాట తెలియదు. దరువు మాత్రం ఆయన దాని మీద ఈయనది సరిగ్గా పడింది.

మనకూ ముప్పై ఏండ్లయింది, మనమెందుకు చేయకూడదని మాస్టర్ అన్నాడు. ఆరు పాటలు అనుకున్నారు. అందరికన్నా ఎక్కువ ఆశపడ్డది మామ. దానికి కారణం ఉంది. మా అత్త జగిత్యాల దగ్గరి ఊళ్ళోనే బీడీలు చేసుకుంటూ ఇద్దరు పిల్లలను పెంచింది. సూరత్ ఎప్పుడూ రాలేదు. మామ ఊరికి పోతే ఒక్కడే పోతాడు, ఐదుగురూ కలిసి పోయింది లేదు. పాట పాడేవాడైతే ఇంట్లో కూర్చుని ఒక్కడే పాడి వినిపించవచ్చు. దరువు వేసేవాడు ఒంటరిగా ఏం వినిపిస్తాడు?

“మీ అత్త అడుగుతది, సూరత్‌ల నువ్వు పాడే పాటేందని,” అన్నాడు నాతో. “నేను దుమ్ దుమ్ అంటే నవ్వుతది. అందర్ల కలిసి ఇనాలె అది. ఒక్కసారన్న ఇనాలె.”

రికార్డింగ్‌కు కావలసినవి నాలుగు. మంచి మైకు ఒకటి, అది తెచ్చాను. నిశ్శబ్దం, అది మా వైపు దొరకదు కాబట్టి మాస్టర్ కార్ఖానాలో అడిగి తెచ్చిన గ్రే గుడ్డ తాకాలను, అంటే రంగు వేయని తానులను, విప్పి గది గోడలకు వేలాడదీశాం. అందరికీ హెడ్‌ఫోన్లు. అందరికీ మాస్కులు. మాస్కులు ఇంటి యజమానురాలి షరతు. ఆమె గుజరాతీ పెద్దావిడ, పై అంతస్తులో ఉంటుంది, మేమంతా మాసీ అని పిలుస్తాం. కరోనాతో ఆమె తమ్ముడు పోయాడు. కింది గదిలో ఎవరైనా మాస్కు తీస్తే పైనున్న ఆమెకు ఎలా తెలిసేదో గాని తెలిసేది.

మొదటి పాట, వాళ్ళు సూరత్ వచ్చిన రైలు మీద మాస్టర్ కట్టినది. బాగానే మొదలైంది. రెండో చరణం మధ్యలో నాయిన ఎప్పటిలాగే ఒకచోట ఊపిరికి ఆగాడు. దరువు ఆగలేదు. నాయిన మళ్ళీ అందుకునేసరికి దరువు వేరే చోట ఉంది. ఎలాగో చివరిదాకా లాక్కొచ్చారు. పాట అయిపోయింది, నలుగురూ ఆగారు. మామ ఆగలేదు. ఆయన కళ్ళు నాయిన ముఖం మీదే ఉన్నాయి. అక్కడ నీలం గుడ్డ తప్ప ఏమీ లేదు. దుమ్ దుమ్ తక అని ఒంటరిగా నడుస్తూనే ఉంది.

“రైలు డిండోలి దాటిపోయింది అన్నా, ఇగ దిగరాదే,” అన్నాడు కిమ్ అన్నదమ్ముల్లో చిన్నాయన. అందరూ నవ్వారు. వాళ్ళ భుజాలు కదలడం చూసి మామ ఆగి, కాస్త ఆలస్యంగా తానూ నవ్వాడు. నాయిన నవ్వలేదు.

నేను పరికరాలను అనుమానించాను. వరుసగా చూసుకుంటూ పోయాను: వైరు, హెడ్‌ఫోన్ ఎడమ వైపు, కుడి వైపు, ధ్వని చేరడంలో ఆలస్యం. అన్నీ సరిగానే ఉన్నాయి. అయితే అందరూ కలిసి పాడటమే ఇబ్బంది అనుకుని, ఒక్కొక్కరినీ విడిగా రికార్డు చేద్దామన్నాను. పెద్ద స్టూడియోల్లో అలాగే చేస్తారు. ముందు నాయిన పాట తీసుకుని, దాన్ని మామ హెడ్‌ఫోన్‌లో పెట్టాను. గది ఇవతల కూర్చున్న నాకు వినపడేంత పెంచాను. మామ కళ్ళు మూసుకుని వేశాడు. ఆయన దరువు నిలకడగా, అందంగా ఉంది. పాటతో మాత్రం ఎక్కడా కలవలేదు.

అప్పుడు మాస్టర్ మంచి ఉద్దేశంతోనే ఒక దారి చెప్పాడు. ఫోన్‌లో డోలక్ ఉంటుంది కదా, దాన్ని పెట్టేద్దాం, నువ్వు నాతో వంత పాడు అన్నాడు మామతో. మామ తల ఊపాడు, సరే అన్నట్టు. నాయిన తన మాస్కు దించి అదే మాట మళ్ళీ ఆయనకు చెప్పాడు. అప్పుడు మామ ఊగుతున్న తల ఆగిపోయింది.

మరుసటి వారం ఆయన రాలేదు. దగ్గు అట. తనను విడిచిపెట్టి కానిచ్చుకోమని కబురు పంపాడు.

ఆ రోజుల్లో ఎవరూ చెప్పకూడని సాకు అది. మామ గది మా వీధి చివరే. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. గదిలో ఉండే ఇద్దరూ ఆయన పరుపును వరండాలోకి జరిపారు. సేఠ్ పరీక్ష కాగితం చూపేదాకా పనికి రావద్దన్నాడు. కిమ్ అన్నదమ్ములు తమకూ గొంతులో ఏదో గీరుతున్నట్టు ఉందని ఫోన్ చేశారు. మాసీ మా గడప ముందు కర్పూరం వెలిగించి, వాడితో ఎవరెవరు కూర్చున్నారో వాళ్ళందరూ పరీక్ష చేయించుకోవాలని పైనుంచే ఆజ్ఞాపించింది. మామ వారం రోజులు వరండాలో ఒంటరిగా కూర్చుని, దగ్గితే ఏమవుతుందో అని భయపడి ఒక్కసారి కూడా దగ్గలేదు.

నేనే బండి మీద పరీక్ష డేరాకు తీసుకెళ్ళాను. నెగెటివ్ వచ్చింది. తిరిగి వస్తూ, దగ్గు ఏమైంది మామా అని అడిగాను. జవాబు లేదు. కోపం వచ్చిందేమో అనుకుని ఇంకోసారి గట్టిగా అడిగాను. భుజం మీద ఆయన చెయ్యి కదలలేదు. ఉధ్నా సిగ్నల్ దగ్గర బండి ఆగింది. చుట్టూ రిక్షాలు, టెంపోలు, హారన్లు. నేను వెనక్కి తిరిగి, మాస్కు దించి, గొంతు పెగల్చకుండా పెదవులతో మాత్రమే చాయ్ తాగుదామా అన్నాను.

“తాగుదాం పా,” అన్నాడు మామ వెంటనే.

ఇద్దరం చాయ్ తాగాం. ఇంటికి వచ్చాక నాయినను అడిగాను.

“గిప్పుడు ఎరుకైందా నీకు?” అన్నాడు.

“ఎప్పటి సంది నాయినా?”

“నువ్వు బడికి వోక ముందు సంది తగ్గుకుంట వస్తున్నది. చూపిచ్చినం. చెవుల మిషిని ఇచ్చిన్రు. అది పెట్టుకుంటే సాంచెల సప్పుడు గూడ గంతనే పెరుగుతది. తీసి సందుకల పెట్టిండు.”

“మరి అందరికి చెప్పొచ్చు గదా.”

“చెవిటోడు దరువేస్తడంటే వాని ఎనక ఎవడు పాడుతడు రా? వాడు చెప్పలే, నేను అడగలే. నేను నోరు తెరుస్త, వాడు చూస్తడు. నడిచింది గద గిన్నేండ్లు.”

ఆ తెరిచిన నోటిని ఎగతాళి చేస్తూ వచ్చిందీ మామే. ఆ ఎగతాళికి ఒక్కసారి కూడా నాయిన కోపం తెచ్చుకోకపోవడం అప్పుడు గుర్తొచ్చింది.

వంటగదిలోంచి అమ్మ అంతా విన్నది, లేదా చూసింది. మామ ఆమె సొంత తమ్ముడు. ఆమె ఇంట్లో చీరలు మడిచి పెట్టెల్లో సర్దే పని చేస్తుంది. పెట్టె మూతకు వేసే పారదర్శకమైన ప్లాస్టిక్ మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని కత్తిరించి, అంచులకు గుడ్డ కుట్టి, నాయినకు మాస్కు తయారుచేసింది. నాయిన వెళ్ళి, నెగెటివ్ వచ్చింది కాబట్టి ఇక సాకులు చెల్లవని మామను వెంటబెట్టుకొచ్చాడు. ఆ మాస్కులో నాయినను చూసి మామ చాలా రోజుల తరువాత ఎగతాళికి దిగాడు.

“షోరూంల పెట్టినట్టున్నవ్ బావా. ఏం చీర నువ్వు?”

“నీకు నప్పది తియ్,” అన్నాడు నాయిన.

ఒక చరణం గడిచేసరికి ప్లాస్టిక్ లోపలంతా ఆవిరి పట్టి నాయిన నోరు మబ్బులో కలిసిపోయింది. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వచ్చింది. తుడిచి మళ్ళీ పెట్టాం, మళ్ళీ అంతే. మామ ఈసారి చరణం మధ్యలోనే తనంతట తాను ఆగిపోయి, మాస్టర్ చెప్పినట్టు ఫోన్ డోలక్ పెట్టుకోండి అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఎవరి ముఖమూ చూడలేదు.

వాళ్ళు వెళ్ళాక గోడల మీది గుడ్డ దించి మడుస్తూ ఆ స్పెయిన్ ఆల్బమ్ పెట్టుకున్నాను. ఫోన్ మీద ముఖచిత్రం వచ్చింది. గుండ్రంగా ఐదుగురు, నడుమ ఒక్క మైకు, ఒకరి ముఖం మీద ఒకరి కళ్ళు. అది ఫోటో కోసం కాదని అప్పుడు అర్థమైంది. నలభై ఏళ్ళూ వాళ్ళు అలాగే పాడి ఉంటారు. నేను మామకు హెడ్‌ఫోన్ తగిలించి గోడకు ఎదురుగా కూర్చోబెట్టాను.

మేడ మీద పాడతామని, దూరందూరంగా నిలబడతామని, పాడినంతసేపే మాస్కులు తీస్తామని మాసీని అడిగాను. ఆమె ఒప్పుకుంది. కాకపోతే తానే కుర్చీ తెచ్చుకుని మెట్ల తలుపు దగ్గర కాపలా కూర్చుంది.

ఉత్తరాయణ్, అంటే మన సంక్రాంతి, అయిపోయి కొద్ది రోజులే. నీళ్ళ ట్యాంకు చుట్టూ, డాబా గోడల మీద తెగిన గాలిపటాల మాంజా ఇంకా చిక్కుకుని ఉంది. ఎవరి కాళ్ళకూ తగలకుండా దాన్నంతా ఏరి చుట్టేశాను. మైకును నడుమ పెట్టి, దాని చుట్టూ ఐదు చోట్ల సుద్దతో గీతలు గీశాను. మామకు నాయిన సరిగ్గా ఎదురుగా. పక్క గల్లీలోంచి కార్ఖానాల చప్పుడు ఆగకుండా వస్తోంది. గుడ్డలు కట్టి నేను బయట పెట్టాలని చూసిన చప్పుడంతా ఇక్కడ ఉంది. అంత దూరంలో, ఆ మోతలో ఒకరి గొంతు ఒకరికి సరిగా అందదు. కిమ్ అన్నదమ్ములూ మాస్టరూ కూడా నాయిన నోరు చూసే పాడాల్సి వచ్చింది. ఆ మేడ మీద మామకు తక్కువైనదేమీ లేదు.

ఐదు పాటలు అయ్యాయి. దరువు నాయిన పెదవుల నుంచి పుట్టినట్టే పడింది. ఊపిరికి ఆగిన చోట ఆగింది, గడ్డం లేచిన చోట ముగిసింది. రైలు పాటను చివరికి ఉంచారు. అది మొదలుపెట్టే ముందు నాయిన తన గీత దగ్గరే నిలబడి మామకు ఒక మాట చెప్పాడు. స్పెయిన్ ఆల్బమ్‌లో ఆఖరి పాట చివర ఒక్కొక్కరే తప్పుకుంటారు, కింది స్థాయి ఆయన ఒక్కడే కాసేపు నడిచి ఆగుతాడు. నాయినకు అది గుర్తుంది.

“ఈ పాటకు ఆఖరు నీదే బామ్మర్ది. మేం దిగిపోతం. నువ్వు రైల్లనే ఉండు. ఎప్పుడాగుతవో నీ ఇష్టం.”

“నన్నొక్కన్ని ఏడికి పంపుతున్నవ్ బావా?”

“ఇంటికి. మీ ఇంటిది ఇంటది.”

మాస్టర్ సుద్ద గీత మీదే అటూ ఇటూ కాలు మార్చి నిలబడ్డాడు. ఫోన్ డోలక్ మాట ఆ తరువాత ఆయన ఎన్నడూ ఎత్తలేదు.

పాట నడిచింది. చివర మొదట నాయిన నోరు మూశాడు, తరువాత మాస్టర్, తరువాత తాళాలు, తరువాత శ్రుతి. కార్ఖానాల చప్పుడు మీద మామ దరువు ఒక్కటే మిగిలింది. ఆయన చుట్టూ తిరిగి ఒక్కొక్కరి మూసిన నోరూ చూశాడు. తొందరపడలేదు. తలుపు దగ్గర మాసీ వేళ్ళు కుర్చీ చేతి మీద ఆడుతున్నాయి. స్టేషన్ వస్తున్నట్టు దరువు కొంచెం కొంచెంగా నెమ్మదించి, చివరి దెబ్బ చాలా మెత్తగా పడి ఆగింది.

మాస్కులు, మాస్కులు అని మాసీ సైగ చేసింది. అందరూ పైకి లాక్కున్నారు. నేను రికార్డింగ్ ఇంకా ఆపలేదు.

“ఎట్లొచ్చింది?” అన్నాడు మామ.

నాయిన తన మాస్కును గడ్డం కిందికి దించి, నోరు ఎప్పటిలాగే అంత పెద్దగా తెరిచి, గొంతు లేకుండా చెప్పాడు.

“ఈగ జొర్రుతది బావా, మూయి,” అన్నాడు మామ.

పాటలను ఫోన్‌లోనే ఊరికి పంపాను. చివరిదాన్ని కత్తిరించకుండా ఉన్నది ఉన్నట్టే పంపాను. రెండు రోజులకు అత్త ఫోన్ చేసింది. బీడీలు చేసుకుంటూ నలుగురితో కూర్చుని విన్నదట. ఇన్ని గొంతుల్లో మీ మామది ఎక్కడుందో ఎవరూ చెప్పకుండానే దొరికిందని అన్నది. తరువాత ఒకటి అడిగింది.

“ఆఖరుకు ఎట్లొచ్చిందని అడుగుతడు. కొంచెంసేపు ఏం ఇనవడది, సాంచెల సప్పుడే. నడుమ మీ నాయిన ఏమన్నడు?”

“మంచిగొచ్చింది అన్నడు అత్తమ్మా.”

“నాకు ఇనవడలే. ఆగు, మల్ల పెడుత,” అని ఫోన్ పెట్టేసింది.